గ్రీస్ దీవుల మధ్య తెరచాప పడవలో వారం రోజులు: మొదటిసారి వెళ్ళేవాళ్ళ కోసం సరోనిక్ రూటు

గ్రీస్ అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేవి రెండే, సాంటోరిని, మైకోనోస్. నేనూ అంతే, మ్యాప్ మీద వేలు పెట్టి చూస్తే జానెడు దూరం, వారంలో రెండూ చుట్టేసి రావచ్చులే అనుకున్నా. తెరచాప పడవ స్పీడు 5, 6 నాట్లు, అంటే గంటకి 5, 6 నాటికల్ మైళ్ళు, మనం తొక్కే సైకిల్ కంటే ఎక్కువేం కాదు. ఏథెన్స్ నుంచి సాంటోరినికి 120 నాటికల్ మైళ్ళు పైనే (ఒక్కోటి 1.85 కిలోమీటర్లు). వెళ్ళేటప్పుడు గాలి వెనకనుంచి తోస్తుంది కాబట్టి హాయిగా వెళ్ళిపోతాం, వచ్చేటప్పుడు అదే గాలి మొహం మీద కొడుతుంది, అప్పుడు తెలుస్తుంది ఖర్చు పెట్టి ఎందుకొచ్చాంరా అని. వారం మొత్తం పడవలో వాంతులు చేసుకుని, ఊళ్ళల్లో ఒక్క పూట కూడా కూర్చోకుండా తిరిగొచ్చినవాళ్ళు నాకే ఇద్దరు తెలుసు.

అందుకని మొదటిసారికి నేను చెప్పేది సరోనిక్ గల్ఫ్. ఏథెన్స్ కింద, పెలొపొన్నీస్ అనే గ్రీస్ దక్షిణ ద్వీపకల్పం తీరాన్ని ఆనుకుని ఉన్న సముద్రం. ఈజినా, పోరోస్, ఇద్రా, స్పెత్సెస్, ఇవి ముఖ్యమైన దీవులు. తిరిగొచ్చే ఆఖరి రోజు తప్ప, రోజుకి రెండు మూడు గంటలు, మహా అయితే నాలుగు గంటలు పడవలో, మిగతా టైమంతా ఊళ్ళోనే. నా లెక్కలో పడవ అనేది ఊరికి వెళ్ళే దారి మాత్రమే, ఊళ్ళో సాయంత్రం గడపడం అసలు పని.

1. ముందు గాలి సంగతి తేల్చుకోండి, తర్వాతే టికెట్లు

ఏజియన్ సముద్రంలో వేసవిలో ఉత్తరం నుంచి ఒక గాలి వీస్తుంది, మెల్టెమి అంటారు. బాల్కన్ల మీద అధిక పీడనం, టర్కీ వైపు అల్ప పీడనం, ఆ రెంటి మధ్య తేడా వల్ల వస్తుంది. మోసం ఏంటంటే ఆకాశంలో మబ్బు తునక కూడా ఉండదు, ఎండ ఫెళఫెళలాడుతుంటుంది, కానీ గాలి మాత్రం మూడు నాలుగు రోజులు ఆగకుండా కొడుతుంది. జులై, ఆగస్టుల్లో దీని జోరు. పాతకాలం గ్రీకులు దీన్ని ఎటీసియన్ గాలులు అనేవాళ్ళు, ఎటోస్ అంటే వాళ్ళ భాషలో సంవత్సరం, ఏటేటా వచ్చేది కాబట్టి ఆ పేరు. మన "ఏటా"కి దానికీ చుట్టరికం ఏం లేదు, కాకతాళీయమే, కానీ తెలుగువాడు ఒకసారి వింటే ఇక మర్చిపోడు.

సరోనిక్‌లో భూమి అడ్డం ఉంటుంది కాబట్టి ఈ గాలి పెద్దగా ఇబ్బంది పెట్టదు, అయినా ఆగస్టు వద్దనే చెప్తా. గాలికంటే జనం ఎక్కువ, రేట్లు ఎక్కువ, రేవుల్లో చోటు దొరకదు. మే చివర నుంచి జూన్ సగం, లేదంటే సెప్టెంబర్. నా ఓటు సెప్టెంబర్‌కే, ఎందుకంటే వేసవంతా కాగి సముద్రం నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి, ఈజినాలో పిస్తా కోతలు అవుతుంటాయి, స్పెత్సెస్‌లో ఆర్మాటా పండగ వస్తుంది, దాని గురించి కింద చెప్తా.

2. పడవ, సరంగు, లైసెన్సు

పడవ అద్దెకి తీసుకోడానికి మూడు దారులు. బేర్‌బోట్ అంటే పడవ తాళాలు మన చేతికిచ్చేస్తారు, నడపాల్సింది మనమే. స్కిప్పర్‌తో అంటే పడవతో పాటు నడిపే మనిషి వస్తాడు, మన గోదావరి లాంచీల మీద సరంగు అంటాం చూశారూ, అదే. ఫ్లోటిల్లా అంటే పది పన్నెండు పడవలు గుంపుగా వెళ్తాయి, ముందు ఒక లీడ్ బోట్ ఉంటుంది, కానీ మన పడవ మనమే నడపాలి.

బేర్‌బోట్‌కి గ్రీస్‌లో గుర్తింపు ఉన్న లైసెన్సు ఉండాలి, ఐసీసీ అనే అంతర్జాతీయ సర్టిఫికెట్ గానీ, బ్రిటన్ యాటింగ్ సంఘం ఆర్‌వైఏ ఇచ్చే డే స్కిప్పర్ లాంటిది గానీ, అదీ కాక పడవలో ఇంకొకరికి కూడా పని తెలిసి ఉండాలి, ఆ పేరు కాగితం మీద రాసిస్తారు. హుస్సేన్ సాగర్‌లో చిన్న డింగీలు నడిపినవాళ్ళు మనలో కొందరుంటారు, యాట్ క్లబ్ ఉంది కదా అక్కడ. ఆ అనుభవం నిజంగా పనికొస్తుంది, గాలి ఎటునుంచి వస్తోందో చెంప మీద పసిగట్టడం డింగీలో వచ్చినంత బాగా పెద్ద పడవలో రాదు, కానీ 40 అడుగుల పడవని ఇరుకు రేవులో రివర్స్‌లో పెట్టడం వేరే విద్య, పడవలు అద్దెకిచ్చే చార్టర్ కంపెనీ వాళ్ళు కూడా కాగితమే చూస్తారు.

కాబట్టి మొదటిసారి సరంగుతోనే వెళ్ళండి. రోజుకి ఓ 200 యూరోల చుట్టుపక్కల అవుతుంది, భోజనం మనదే, ఒక గది కూడా అతనికి వదలాలి, బుక్ చేసేటప్పుడు ఆ గది లెక్కలో వేసుకోండి. మేం ఆరుగురం, నాలుగు గదుల పడవ తీసుకున్నాం, సరిపోయింది. ఎనిమిది మందికి నాలుగు గదులుంటే సరంగు హాల్లో బల్ల పక్కన పడుకోవాలి, అది అతనికీ ఇబ్బంది మనకీ ఇబ్బంది.

రెండు పొట్టల క్యాటమరాన్ కావాలా ఒక పొట్ట మోనోహల్ కావాలా అని అడుగుతారు. పెద్దవాళ్ళు, చిన్నపిల్లలు ఉంటే క్యాటమరాన్, ఒరగదు, వంటకి సుఖం. కానీ వెడల్పు వల్ల చిన్న రేవుల్లో చోటు దొరకడం కష్టం, అద్దె కూడా బాగా ఎక్కువ. గాలికి ఒక పక్కకి ఒరిగి నీళ్ళు కోసుకుంటూ వెళ్ళే ఆ మజా మాత్రం మోనోహల్‌లోనే.

3. వీసా, సామాను

షెంగెన్ వీసా. ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, వేసవికైతే ఎంత ముందు చేస్తే అంత మంచిది. కనీసం 30,000 యూరోల కవరేజి ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఇక్కడ చాలామంది తికమకపడేది బస దగ్గర, హోటల్ బుకింగ్ ఉండదు కదా మరి అని. చార్టర్ కాంట్రాక్టు, అందులో మీ అందరి పేర్లతో క్రూ లిస్టు, ముందూ వెనకా ఏథెన్స్‌లో ఒక్కో రాత్రి హోటల్ బుకింగ్, రోజువారీ రూటు ఒక పేజీ, ఇవన్నీ కలిపి పెట్టండి. క్రూ లిస్టులో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి, మన ఇంటిపేర్ల గోల తెలిసిందే కదా, ఒకచోట పొట్టక్షరం ఇంకోచోట పూర్తిగా ఉంటే అడుగుతారు.

గట్టి సూట్‌కేసులు వద్దే వద్దు. పడవలో అది పెట్టడానికి చోటే ఉండదు, వారమంతా మంచం మీద దాని పక్కన పడుకోవాలి. మడిచి పెట్టేసే గుడ్డ బ్యాగులు తెచ్చుకోండి. తెల్ల అడుగున్న, జారని బూట్లు ఒక జత, రాత్రి చలిగాలికి పల్చటి జాకెట్, టోపీకి తాడు. తాడు లేని టోపీ మొదటి రోజే సముద్రుడికి సమర్పయామి.

తిండి సామాన్లలో ఒక మెలిక ఉంది. యూరప్ బయటినుంచి వచ్చేవాళ్ళు పాల పదార్థాలు, మాంసం తీసుకెళ్ళకూడదు, అంటే నెయ్యి సీసా, పాలకోవా, పూతరేకులు కూడా సందేహమే, నెయ్యి ఉంటుంది కాబట్టి. తాజా కరివేపాకు కట్ట కూడా సర్టిఫికెట్ లేకుండా కుదరదు. ఆవకాయ, కందిపొడి, పులిహోర పేస్టు, ఇవి మాత్రం గట్టిగా సీలు చేసి తెచ్చుకోండి, మూడో రోజు నాటికి వాటి విలువ తెలుస్తుంది.

4. శనివారం సాయంత్రం, పడవ చేతికొచ్చాక

చార్టర్లు దాదాపు అన్నీ శనివారం నుంచి శనివారం. ఏథెన్స్‌లో ఎక్కువ పడవలుండేది అలిమోస్ మరీనాలో, పాతపేరు కలమాకి. సాయంత్రం ఐదింటికి పడవ ఇస్తారు. సంతకం పెట్టేముందు ప్రతి గీతా ఫొటో తీయండి, డిపాజిట్ మనదే కదా. నీళ్ళ ట్యాంకు నిండుందా, డీజిల్ నిండుందా, లైఫ్ జాకెట్లు మనిషికొకటి ఉన్నాయా, లంగరు ఎక్కించి దించే మోటారు పనిచేస్తోందా, ఇవన్నీ చేయించి చూడండి, చెప్తే సరిపోదు.

టాయిలెట్ గురించి సిగ్గుపడకుండా అందరినీ కూర్చోబెట్టి చెప్పాలి. పంపు కొట్టి నీళ్ళు పంపే రకం అది, అందులో కాగితం వేస్తే జామ్ అవుతుంది, అయితే బాగుచేసేది మనమే. కాగితం డబ్బాలో. ఊళ్ళల్లో హోటళ్ళల్లో కూడా అదే పద్ధతి, గ్రీస్‌లో పైపులు సన్నం. పైగా పడవలో ఉన్న నీళ్ళు ఓ 400 లీటర్లు, ఆరుగురు మనవాళ్ళు బకెట్ స్నానం లెక్కలో మొదలుపెడితే రెండు రోజుల్లో ఖాళీ.

ఆ రాత్రి బయల్దేరొద్దు. చీకట్లో కొత్త పడవ, ప్రయాణం అలసట, ఎందుకు? దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నట్టు, వారమంతా రూలు ఇదే, మధ్యాహ్నం రెండు మూడింటికల్లా రేవులో ఉండాలి. లేటైతే చోటూ ఉండదు, గాలీ పెరుగుతుంది.

రోజూ పొద్దున వాతావరణం చూసుకున్నాకే లంగరు ఎత్తండి. విండీ యాప్, గ్రీకు వాతావరణ శాఖ సూచన, రెండూ పోల్చండి. గాలి జోరు కొలిచే బోఫోర్ట్ స్కేలులో 4 అంటే ఆనందం, 5 అంటే జాగ్రత్త, 6 అంటే రేవులోనే కాఫీ తాగుతూ కూర్చోండి, కొన్నిసార్లు పోర్ట్ పోలీసులే చిన్న పడవల్ని బయటికి పోనివ్వరు. రేడియో ఎప్పుడూ ఛానల్ 16 మీద ఉండాలి. కోస్ట్ గార్డ్ నంబరు 108, మన అంబులెన్స్ నంబరే కాబట్టి మర్చిపోయే సమస్య లేదు. వాంతుల మాత్ర మన అవోమిన్ లాంటిది వేసుకునేవాళ్ళు పడవ కదలకముందే వేసుకోవాలి, నిద్ర వస్తుంది కాబట్టి డాక్టర్ని అడిగి వేసుకోండి, మొదలయ్యాక వేసుకుంటే దండగ. తల తిరుగుతుంటే కిందికి గదిలోకి వెళ్ళకండి, పైనే కూర్చుని దూరంగా భూమి గీతని చూస్తుండండి.

5. ఆదివారం: ఈజినా

అలిమోస్ నుంచి 16, 17 మైళ్ళు (ఇక్కణ్ణుంచి మైలంటే నాటికల్ మైలే), మూడు గంటలు. దగ్గరికొస్తుంటే ఊరికి ఎడమపక్క చిన్న గుట్ట మీద ఒంటి స్తంభం ఒకటి కనిపిస్తుంది. అది క్రీస్తుపూర్వం ఆరో శతాబ్దపు అపోలో గుడిలో మిగిలిన ఒకే ఒక్క స్తంభం, అందుకే ఆ చోటు పేరే కొలోనా. రెండున్నర వేల ఏళ్ళుగా పడవలవాళ్ళకి అదే గుర్తు, మాకూ అదే గుర్తు.

ఈ దీవి చిన్నదని తీసిపారేయొద్దు. గ్రీకు గడ్డ మీద మొట్టమొదట వెండి నాణేలు ముద్రించిన ఊళ్ళల్లో ఇదొకటి, నాణెం మీద తాబేలు బొమ్మ. ఏథెన్స్‌కి పోటీగా వ్యాపారం చేసింది, ఆ కసి ఎంతంటే ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్ దీన్ని తమ పిరేయస్ రేవు కంట్లో పుసి అన్నాడని చెప్తారు, చివరికి క్రీ.పూ. 431లో ఏథెన్స్ వాళ్ళు ఇక్కడి జనం మొత్తాన్నీ వెళ్ళగొట్టారు. తర్వాత ఎప్పటికో, స్వతంత్ర గ్రీస్‌కి తొలి రాజధానుల్లో ఒకటి అయింది, 1820ల చివర్లో దేశం తొలి గవర్నర్ కపోదిస్త్రియాస్ ఇక్కడే కూర్చుని పరిపాలించాడు.

పడవ కట్టేశాక రేవు దగ్గరే ఆగియా మరీనా వైపు బస్సు ఎక్కండి, రెండు చోట్ల దిగాలి. మొదటిది పాలియోహోరా. సముద్రపు దొంగలకి భయపడి జనం తీరం వదిలేసి లోపల కొండ మీద కట్టుకున్న ఊరు, 1537లో టర్కీ నౌకాధిపతి బార్బరోసా ఈ దీవిని దోచుకున్నప్పుడు దీన్నీ వదల్లేదు. మళ్ళీ కట్టుకున్నారు, పందొమ్మిదో శతాబ్దంలో భయం పోయాక ఇళ్ళ రాళ్ళు పీక్కుని తీరానికి దిగిపోయారు, గుళ్ళని మాత్రం ముట్టుకోలేదు. ఇప్పుడు కొండంతా ఇళ్ళు లేని గుళ్ళే. ఒక్కోటీ మన ఊరి పోలేరమ్మ గుడంత ఉంటుంది, తలుపు కిర్రుమంటుంది, లోపల చల్లగా, గోడ మీద సగం చెరిగిన బొమ్మలు, ఎవరో పొద్దున్నే వచ్చి ఒక నూనె దీపం వెలిగించి పోయుంటారు. మనుషులు పోయి వందల ఏళ్ళు, దీపం మాత్రం నిన్నటిది కాదు, ఇవాళ్టిది. తలుపులు మేకలు దూరకుండా వేసుంటాయి, మీరూ వచ్చేటప్పుడు వేసి రండి. ఇద్రా కంటే, పోరోస్ కంటే, ఈ ట్రిప్ మొత్తంలో నాకు నచ్చింది ఇదే, దీనికి రెండు గంటలు తక్కువ కాకుండా పెట్టండి, నీళ్ళ సీసా మర్చిపోకండి.

రెండోది అఫాయా గుడి, క్రీ.పూ. 500 ప్రాంతంలో కట్టింది, ముందు ఆరు పక్కలకి పన్నెండు స్తంభాల లెక్క, చాలావరకు ఇంకా నిలబడే ఉన్నాయి. పైన ఉండాల్సిన శిల్పాలు మాత్రం ఇక్కడ లేవు, 1811లో తవ్వి తీసి వేలం వేస్తే బవేరియా యువరాజు లూడ్విగ్ కొన్నాడు, ఇప్పుడు మ్యూనిక్ మ్యూజియంలో ఉన్నాయి. మన అమరావతి పలకలు లండన్‌లో చూసినప్పుడు కలిగే బాధ ఉంది కదా, అలాంటిదే, కాకపోతే ఇక్కడ ఖాళీ అయిన చోట నిలబడి పడతాం.

రేవులో బళ్ళ మీద పిస్తా అమ్ముతారు. ఉప్పుతో వేయించింది కొనండి, పావుకిలో అనుకుని కిలో కొంటారు.

6. సోమవారం: పాలియా ఎపిదవ్రోస్

13 మైళ్ళు. దారిలో పెర్దికా ఊరి ఎదురుగా మోనీ అనే చిన్న దీవి దగ్గర ఈతకి ఆగండి, నెమళ్ళు తిరుగుతుంటాయి అక్కడ. ఎపిదవ్రోస్ రేవు పక్కనే నారింజ తోటలు, అందులో ఒక చిన్న పాత థియేటర్. పెద్ద థియేటర్ మాత్రం లోపలికి 15 కిలోమీటర్లు, ట్యాక్సీ మాట్లాడుకోవాలి, వెనక్కి తీసుకురమ్మని కూడా ముందే చెప్పుకోండి.

క్రీ.పూ. నాలుగో శతాబ్దం చివరిది, 55 వరసలు, ఓ 14,000 మంది పడతారు. అసలిది ఆస్పత్రి ప్రాంగణం, వైద్యదేవుడు అస్క్లీపియస్ గుడికి రోగులు వచ్చి నిద్ర చేసేవాళ్ళు, కలలో దేవుడు వచ్చి మందు చెప్పాలి. గుడిలో నిద్ర చేయడం మనకి కొత్తేం కాదు కదా. గైడ్లు మధ్యలో నాణెం పడేసి పై వరస దాకా వినిపిస్తుందంటారు, పరికరాలు పెట్టి కొలిచినవాళ్ళు అంత లేదన్నారు, కానీ మా అక్క మధ్యలో నిలబడి మామూలు గొంతుతో ఒక పద్యం ఎత్తుకుంటే సగం మెట్ల మీద కూర్చున్న నాకు ఒక్క అక్షరం కూడా పోలేదు. గాలి తక్కువ, జనం తక్కువ ఉన్నప్పుడు వెళ్ళాలి, అంటే తెరవగానే.

7. మంగళవారం: పోరోస్

మెథానా ద్వీపకల్పం చుట్టూ తిరిగి 20 మైళ్ళు, వెళ్ళేటప్పుడు ఇదొక్కటే కాస్త పెద్ద రోజు. మెథానా అగ్నిపర్వతం, చివరిసారి పేలింది క్రీ.పూ. మూడో శతాబ్దంలో, ఊరి పక్కనుంచి పోతుంటే గంధకం వాసన వస్తుంది, ఎవరూ ఎవర్నీ అనుమానించక్కర్లేదు.

పోరోస్‌కీ పెలొపొన్నీస్‌కీ మధ్య సన్నటి పాయ, ఒక పక్క ఇళ్ళల్లో టీవీ ఇంకో పక్కకి వినిపిస్తుందేమో అన్నంత. ఎదుటి ఒడ్డున గలాటాస్ ఊరి వైపు కొన్ని చోట్ల లోతు తక్కువ, డెప్త్ మీటర్ మీంచి కన్ను తీయకండి. పైన గడియారం బురుజు దాకా మెట్లెక్కి సాయంత్రం చూడండి. ఓపికుంటే కొండమీద సముద్ర దేవుడు పోసైడన్ గుడి శిథిలాలు, మిగిలింది పునాదులే, కానీ ఏథెన్స్ గొప్ప వక్త డెమొస్తనీస్ మాసిడోనియా సైనికులు తరుముకొస్తే క్రీ.పూ. 322లో ఇక్కడే విషం తీసుకున్నాడు.

8. బుధవారం: ఇద్రా, లంగరు పాఠం

మనం పుస్తకాల్లో హైడ్రా అని చదువుకున్నది, అక్కడ ఇద్రా అనాలి. పాత గ్రీకులో హైడ్రో అంటే నీళ్ళు, అంటే పేరులో నీళ్ళున్నాయి, దీవిలో నీళ్ళు లేవు, ఒకప్పుడు పడవల మీద తెచ్చుకునేవాళ్ళు. పంటలు పండని రాతి గుట్ట కాబట్టే అందరూ సముద్రం మీద పడ్డారు, నెపోలియన్ యుద్ధాలప్పుడు ఇంగ్లిష్ వాళ్ళ దిగ్బంధం తప్పించుకుని ధాన్యం చేరవేసి బాగా సంపాదించారు, రేవు చుట్టూ కనిపించే ఆ బూడిదరంగు పెద్ద భవంతులన్నీ ఆ డబ్బే. 1821లో టర్కీ పాలన మీద తిరుగుబాటు మొదలవగానే ఆ వ్యాపార ఓడలే యుద్ధనౌకలయ్యాయి, అడ్మిరల్ మియావులిస్ ఇక్కడివాడే. ఆ భవంతుల్లో లాజరోస్ కుందూరియోతిస్‌ది ఇప్పుడు మ్యూజియం, అది తప్పక చూడండి.

కార్లు లేవు, బైకులు లేవు. ఫ్రిజ్ అయినా సిమెంటు బస్తా అయినా గాడిద మీదే.

ఇక రేవు. గ్రీస్‌లో పడవని గట్టుకి పక్కగా కట్టరు, వెనక భాగం గట్టుకి ఆనించి కడతారు. వరస ఇది: ముందే పక్కలకి గాలి బుడగల ఫెండర్లు వేలాడదీసుకోవాలి, వెనక రెండు తాళ్ళు సిద్ధం చేసుకోవాలి. గట్టుకి మూడు నాలుగు పడవల పొడవు దూరంలో ఉండగానే లంగరు వదిలి, నెమ్మదిగా వెనక్కి వస్తూ గొలుసు వదులుతూ ఉండాలి. గట్టు దగ్గరికి రాగానే గాలి వచ్చే వైపు తాడు ముందు విసరాలి, తర్వాత రెండోది, ఆఖర్న గొలుసు బిగించాలి. ఎవరూ చేత్తో కాలితో పడవని ఆపే ప్రయత్నం చేయొద్దు, పది టన్నులు అది, వేళ్ళు మిగలవు. ఆటుపోట్లు అక్కడ దాదాపు లేనట్టే కాబట్టి ఒకసారి కట్టాక తాళ్ళు సర్దే పని లేదు. రేవు కాకుండా బయట కయ్యల్లో ఆగేటప్పుడు అడుగున లేత రంగు కనిపించే చోట, అంటే ఇసకలో వదలండి, నల్లగా కనిపించేది గడ్డి, అందులో లంగరు పట్టదు, ఆ గడ్డి కూడా పాడవుతుంది.

ఇదంతా మాకు మూడు రేవుల్లో బాగానే కుదిరింది, ఇద్రాలో నేను సరంగుని బతిమాలి లంగరు నేను వదుల్తా అన్నా. చిన్న రేవు, మూడేసి వరసలు కడతారు. పొద్దున పదిన్నరకి లంగరు ఎత్తుతుంటే మోటారు మూలిగింది, గొలుసు పైకొచ్చింది, దానితో పాటు పక్క పడవ గొలుసు కూడా మెలేసుకుని వచ్చింది. వాళ్ళ గొలుసు మీద అడ్డంగా వేశా అన్నమాట. లంగరందట్లేదు అని మనం మాటవరసకి అంటుంటాం, అసలు అర్థం ఆ గంటలో తెలిసింది. పక్క పడవలో జర్మన్ పెద్దాయన ఏం తిట్టకుండా ఒక తాడు వాళ్ళ గొలుసు కింద దూర్చి ఎత్తి పట్టాడు, మేం మాది కాస్త దించి విడిపించుకున్నాం. అదే ఉపాయం: ఎదుటి గొలుసుని తాడుతో పట్టి ఉంచు, నీ లంగరు దించు, పక్కకి జరుపు, తాడు వదులు. ఇంకోటి, రెండో వరసలో ఉంటే ముందు పడవ మీంచే ఒడ్డుకి దిగాలి, రెండు పడవల మీద కాళ్ళు పెట్టకూడదని మన పెద్దలు ఊరికే అనలేదు, మా బావ ఫోను అక్కడే నీళ్ళల్లో పోయింది.

చోటు దొరక్కపోతే ఎదురుగా పెలొపొన్నీస్ ఒడ్డున ఎర్మియోనిలో పడవ పెట్టి ఫెర్రీలో ఇద్రాకి వచ్చి చూసి పోవచ్చు, నిజానికి ఇప్పుడైతే నేను అదే చేస్తా. ఎర్మియోనిలో టూరిస్టులు తక్కువ, ఊరి కొసన పైన్ చెట్ల కింద ఒక నడక దారి. పాతకాలంలో ఇక్కడి ఊదా రంగు అద్దకం పేరుమోసింది, అలెగ్జాండర్ పర్షియా వాళ్ళ సూసా ఖజానా పట్టుకున్నప్పుడు అందులో 190 ఏళ్ళ కిందటి ఎర్మియోని ఊదా బట్టలు నిన్న అద్దినట్టే ఉన్నాయని పాతకాలపు గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. మన చీరల షాపులవాళ్ళు వింటే నమ్మరు.

పది రోజులుంటేనే స్పెత్సెస్ కలపండి. బూబులీనా ఊరు అది, సొంత డబ్బుతో ఓడ కట్టించి తిరుగుబాటులో దిగిన ఆవిడ, ఇల్లు ఇప్పుడు మ్యూజియం. పాత రేవు బాల్తిజాలో చెక్క పడవలు ఇంకా చేత్తో బాగుచేస్తారు, రంపపు పొట్టు వాసన, తారు వాసన, మన కాకినాడ పక్క పడవలు చేసే చోటు గుర్తొస్తుంది. 1822 నాటి యుద్ధం గుర్తుగా సెప్టెంబర్ 8 దగ్గరి వారాంతంలో ఆర్మాటా అని రేవు మధ్యలో టర్కీ ఓడ నమూనా తగలబెడతారు, ఆ రాత్రికి పడవ చోటు మాత్రం ఆశ పెట్టుకోకండి.

9. తిండి, మాట

శాకాహారులు భయపడక్కర్లేదు. "నిస్తీసిమో" అనే మాట నేర్చుకోండి, ఉపవాసపు భోజనం అని అర్థం, మాంసం పాలు గుడ్లు ఉండవు, వాళ్ళ చర్చి ఉపవాసాలు ఏడాదిలో చాలా రోజులు కాబట్టి ప్రతి ఇంట్లో వండటం వచ్చు. కాకపోతే ఉపవాసంలో రొయ్యలు, స్క్విడ్ తినొచ్చు వాళ్ళకి, కాబట్టి అడిగి తీసుకోండి. యిగాండెస్ అంటే పెద్ద చిక్కుడు గింజల కూర, బ్రియామ్ అంటే వంకాయ బంగాళదుంప కలిపి నూనెలో మగ్గించింది, హోర్తా అంటే ఉడికించిన ఆకుకూర నిమ్మకాయతో. హోర్తాలో కాస్త కందిపొడి కలుపుకుంటే, సరే, అది మన రహస్యం. వాళ్ళ పెరుగు గట్టిగా ఉంటుంది, పెరుగన్నానికి నీళ్ళు కలపాలి.

నీళ్ళు కావాలంటే "నెరో" అనండి. మన నీరుకి చుట్టంలా వినిపిస్తుంది, సంబంధం లేదు కానీ పని జరుగుతుంది. జాగ్రత్త పడాల్సింది "నే" దగ్గర, వాళ్ళకి అది అవును. మన చెవికి హిందీ నై లాగా వినిపించి లేదనుకుని వచ్చేస్తాం, బేకరీ దగ్గర రెండుసార్లు అలా ఖాళీ చేతుల్తో వచ్చా. కాదు అంటే "ఓహి", ఒక్కోసారి మాట కూడా ఉండదు, కనుబొమలు పైకెత్తి తల వెనక్కి అంటారు, అంతే.

మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా ఊరు పడుకుంటుంది, అప్పుడు గట్టిగా పాటలు పెట్టొద్దు. గుళ్ళల్లోకి భుజాలు మోకాళ్ళు కప్పుకుని వెళ్ళాలి. సాయంత్రం ఊళ్ళోకి నడిచి కఫెనియో, అంటే ముసలాళ్ళు కూర్చునే కాఫీ కొట్టు, అందులో కూర్చోండి. రేవు ముందు ఉండే మెరిసే హోటళ్ళు కాదు, రెండు సందులు లోపలికి. కాఫీకి చక్కెర ముందే చెప్పాలి, స్కెటో అంటే లేకుండా, మెట్రియో అంటే మధ్యస్తం, గ్లికో అంటే తియ్యగా. అడుగున ముద్ద ఉంటుంది, ఆఖరి గుక్క తాగకండి. పోరోస్‌లో ఒకాయన మీదే ఊరు అని అడిగితే మచిలీపట్నం పక్కన అని చెప్పి, భూగోళం రాసిన మీ టాలెమీ రెండో శతాబ్దంలోనే మా తీరాన్ని మైసోలియా అని రాసుకున్నాడు తెలుసా అన్నా. ఆయన కాసేపు ఆలోచించి, అప్పుడు కూడా ఇంత ఎండేనా మీకు అని అడిగి, నా కాఫీ డబ్బులు ఆయనే ఇచ్చాడు.

10. వెనక్కి

గురువారం ఇద్రా నుంచి బయల్దేరి పోరోస్ పక్కన రష్యన్ బే లో ఈత కొట్టి అక్కడే లంగరు వేసి పడుకోండి, గాలి నెమ్మదిగా ఉంటేనే. శుక్రవారం పొద్దున ఆరున్నరకల్లా కదలండి, అలిమోస్‌కి 28, 30 మైళ్ళు, ఉత్తర గాలి ఉంటే ఎదురు కొడుతుంది, ఇంజను వేసుకోక తప్పదు. మరీనా డీజిల్ బంకు దగ్గర శుక్రవారం సాయంత్రం పెద్ద క్యూ ఉంటుంది, నాలుగింటికి ముందే వెళ్ళిపోతే పావుగంటలో పని అవుతుంది. పడవ అడుగు చూడ్డానికి డైవర్ని దింపుతారు, ఏదైనా గీసుకుని ఉంటే మీరే ముందు చెప్పేయండి.

శనివారం తొమ్మిదికల్లా పడవ ఖాళీ చేయాలి. ఆ రోజు ఫ్లైటు రాత్రికి పెట్టుకోండి, సామాను ఎక్కడైనా పెట్టేసి ఏథెన్స్ నేషనల్ ఆర్కియలాజికల్ మ్యూజియంకి వెళ్తే 1901లో స్పాంజి డైవర్లు పాత ఓడ శిథిలాల్లోంచి తీసిన యాంటికిథెరా యంత్రం ఉంటుంది, గ్రహాలు గ్రహణాలు లెక్కకట్టే పళ్ళ చక్రాల పెట్టె. దాని ముందు నిలబడి చూస్తుంటే నేల మెల్లగా ఊగుతున్నట్టు ఉంటుంది, కంగారు పడకండి, వారం పడవలో ఉన్నందుకు, మాకు హైదరాబాద్‌లో దిగిన మర్నాడు దాకా ఉంది.